కోటగోడా, కాపలాకుక్కా

మా తాతగారికి ఒక అలవాటుండేది. రాత్రి భోజనాలయ్యాక వీధి తలుపు గడియ వేసి, లోపలి గొళ్ళేనికి తాళం బిగించి, ఆ తాళాన్ని ముచ్చటగా మూడుసార్లు లాగి చూసేవాడు. పడుకున్న పావుగంటకి మళ్ళీ లేచి వెళ్ళి నాలుగోసారి లాగేవాడు. అంత కాపలా కాసిన ఆ ఇంట్లో ఏముండేదయ్యా అంటే రెండు ఇత్తడి గుండిగలు, ఒక పడక్కుర్చీ, నాలుగు బస్తాల ధాన్యమూను. చిన్నతనంలో నేనూ మా అక్కయ్యా దుప్పటి ముసుగులో నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నా వయస్సు ఆనాటి తాతగారి వయస్సు దాటింది. నవ్వు ఎటో పోయింది. కారణం, మా హాల్లో కిటికీ పక్కన కూర్చున్న కంప్యూటరు.

అందులో ఏముందో చెప్పాలి. మా నాన్నగారు 1951 నుంచి 1979 దాకా రాసుకున్న పద్దుల పుస్తకాలున్నాయి. మొత్తం పదకొండు. పేరుకి పద్దులే గాని పాలవాడి బాకీ పక్కనే ఆ యేడు తొలకరి ఎప్పుడు పడిందో, ఏ పిల్లాడు ఏ వేళకి పుట్టాడో, ఎవరి పెళ్ళికి ఎంత చదివించారో అన్నీ ఉంటాయి. మా మనవరాలు సెలవుల్లో కూర్చుని ప్రతి పేజీకీ ఫొటో తీసి కంప్యూటర్లో భద్రపరిచింది. పుస్తకాల్ని మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టాం. ఆ వానాకాలంలో పెట్టెకి చెదపట్టింది. నేను చూసుకునేసరికి పదకొండు పుస్తకాలకి పదకొండు అట్టలు మిగిలాయి. ఏతావాతా, మా నాన్నగారి చేతిరాత ఈ భూమ్మీద ఆ ఒక్క యంత్రంలో మాత్రమే మిగిలిందన్నమాట.

అలాంటి యంత్రం ముందు ఒక ఆదివారం నాడు కూర్చుని పంచాంగం వెతుకుతున్నాను. ఉన్నట్టుండి తెర మొత్తం ఎర్రబడింది. అగ్నిమాపక బండి వచ్చినట్టు ఒకటే కూత. మీ కంప్యూటర్లో అయిదు వైరసులున్నాయి, పది నిమిషాల్లో ఫలానా నెంబరుకి ఫోను చెయ్యకపోతే మీ ఫైళ్ళన్నీ నాశనమైపోతాయి అని అక్షరాలు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోను తీసి నాలుగంకెలు నొక్కాను కూడా.

ఇంతలో మా శ్రీమతి తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. తెరని చూసింది, నన్ను చూసింది, గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి ఆర్పేసింది. కూత ఆగింది.

"వీధిలో పోయేవాడు మీ పెరట్లో పాముందీ అని అరిస్తే, వాడికి మన పెరడు ఎలా కనబడిందో అడగక్కర్లేదుటండీ? మా పుట్టింటి ఊళ్ళో పాములవాళ్ళు ఇలాగే చేసేవారు. పామునీ వాళ్ళే వదిలేవారు, పట్టినందుకు రూపాయీ వాళ్ళే పుచ్చుకునేవారు" అంది.

మర్నాడు మా మేనల్లుడు వచ్చి చూశాడు. శ్రీమతి మాటే నిజమైంది. అది వైరసూ కాదు, గియిరసూ కాదు, ఎవడో మోసగాడు పెట్టిన బొమ్మ. యంత్రం సుబ్బరంగా ఉంది. అయితే వాడు ఇంకో రెండు సంగతులు కూడా బయటపెట్టాడు. మేము ఎప్పుడో కొన్న యాంటీవైరస్ గడువు తీరి మూడేళ్ళయిందట. ఫైర్‌వాల్ అనేదాన్ని, ప్రింటరు బిగించడానికి వచ్చిన కుర్రాడెవరో ఆర్పేసి, తిరిగి వెలిగించకుండా వెళ్ళిపోయాడట. అంటే మూడేళ్ళపాటు వీధి తలుపు బార్లా తీసి, కుక్కని నిద్రపుచ్చి మేం హాయిగా నిద్రపోయామన్నమాట. తాతగారి ఆత్మ ఎంత క్షోభించిందో!

సరే, ఏదో ఒక రక్షణ కొనాలి కదా. సలహాలకేం కొదవ? అంగడివాడు బంగారు కాగితం చుట్టిన డబ్బా ఒకటి చూపించి, ఇందులో సమస్త రక్షణలూ ఉన్నాయన్నాడు. పక్కింటాయన, "మాస్టారూ, ఒకటి చాలదండీ, రెండు వేయించండి, ఒకటి వదిలేసింది రెండోది పట్టుకుంటుంది" అన్నాడు. మా మేనల్లుడేమో, "ఏమీ కొనక్కర్లేదు మావయ్యా, ఉన్నది చాలు" అని తేల్చేశాడు. ముగ్గురు వైద్యులు మూడు మందులు చెబితే రోగి చెయ్యవలసిన పని ఒకటే, రోగం పుట్టుపూర్వోత్తరాలు తానే తెలుసుకోవడం. నేనూ ఆ పనికే పూనుకున్నాను. తీరా చదవడం మొదలుపెడితే అదొక పెద్ద పురాణం.

వైరస్ అనే మాట లాటిను భాషది. విషం అని అర్థం. కాని కంప్యూటరు లోకంలో మొదటి పిడుగు విషం కక్కలేదు, కేవలం అల్లరి చేసింది. 1971లో అమెరికాలో బి.బి.ఎన్. అనే సంస్థలో పనిచేసే బాబ్ థామస్ 'క్రీపర్' అని ఒక ప్రోగ్రాము రాశాడు. ఇంటర్నెట్టుకి పూర్వరూపమైన ఆర్పానెట్ మీద అది ఒక యంత్రంలోంచి ఇంకో యంత్రంలోకి పాకిపోయి, నేనే క్రీపర్ని, చేతనైతే పట్టుకోండి అని తెర మీద రాసేది. అంతకుమించి ఎవరికీ హాని చెయ్యలేదు. దాన్ని వెతికి తుడిచెయ్యడానికి 'రీపర్' అని మరొకటి పుట్టింది. అది రాసిన రే టామ్లిన్సన్ అదే సంస్థవాడు. ఈమెయిల్ చిరునామాలో మనం ఇవాళ వాడే '@' గుర్తుని అక్కడ పెట్టిన మహానుభావుడు కూడా ఆయనే. దొంగా పోలీసూ ఒకే ఇంట్లో పుట్టారని దీన్నిబట్టి తెలుస్తోంది. ఆ చుట్టరికం గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఆ తరవాత ఇళ్ళలోకి కంప్యూటర్లు వచ్చాయి. 1982లో పెన్సిల్వేనియాలో రిచ్ స్క్రెంటా అనే పదిహేనేళ్ళ బడిపిల్లాడు 'ఎల్క్ క్లోనర్' అని ఒకటి తయారుచేశాడు. ఆపిల్-2 యంత్రాల్లో పెట్టే ఫ్లాపీ బిళ్ళల ద్వారా అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది. అంటుకున్న బిళ్ళతో యంత్రాన్ని యాభయ్యోసారి వెలిగించినప్పుడు తెర మీద ఒక చిన్న పద్యం కనిపించేది. స్నేహితులు ఆటల బిళ్ళలు అరువడిగితే ఇలాంటి చిలిపి పనులు చేసి పంపడం అతగాడికి అలవాటు. ఈ కాలపు పిల్లలు తుంటరివాళ్ళని విసుక్కునేవాళ్ళు ఆ సంవత్సరాన్ని ఒకసారి చూసుకోవాలి.

వీటికి 'వైరస్' అన్న పేరు స్థిరపడింది మాత్రం 1983 తరవాత. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కోహెన్ అనే విద్యార్థి, తనని తాను నకలు చేసుకుంటూ ఇతర ప్రోగ్రాముల్లో చేరే ప్రోగ్రాముని రాసి, ఆ నవంబరులో తరగతిలో ప్రదర్శించాడు. పెద్ద యంత్రంలో సమస్త అధికారాలూ దాని చేతికి చిక్కడానికి సగటున అరగంట కూడా పట్టలేదు. దానికి వైరస్ అని పేరు సూచించిన గురువు లెన్ ఎడిల్‌మన్. రహస్య లిపుల విద్యలో ఆర్.ఎస్.ఏ. అని పేరుపడ్డ పద్ధతిలో 'ఏ' అనే అక్షరం ఈయనదే.

కోహెన్ ఇంకో మహత్తరమైన సంగతి కూడా నిరూపించాడు. ఏ ప్రోగ్రామునైనా చూసి, ఇది వైరసో కాదో తప్పు లేకుండా తేల్చి చెప్పగల యాంటీవైరస్ ఎన్నటికీ సాధ్యం కాదని. ఎందుకంటారా? అలాంటి సర్వజ్ఞుడు ఒకడున్నాడనుకోండి. ఒక తుంటరి ప్రోగ్రాము వాణ్ణే ముందు అడుగుతుంది, "అయ్యా, నేను వైరస్‌నా?" అని. అవునంటే బుద్ధిగా కూర్చుంటుంది, కాదంటే అంటుకోవడం మొదలుపెడుతుంది. సర్వజ్ఞుడు ఏం చెప్పినా తప్పే అవుతుంది! మన ఊళ్ళో జోస్యుడి దగ్గరికి గుప్పిట్లో పిచుకని దాచుకుని వెళ్ళి, ఇది బతికుందా చచ్చిందా చెప్పమన్న కుర్రాడి కథ లాంటిదే ఇది. అంచేత, నూటికి నూరుపాళ్ళూ రక్షణ అని డబ్బా మీద ఎవరైనా అచ్చేసుకుంటే, ఆ మాట లెక్కల ప్రకారమే అబద్ధం. బంగారు కాగితం డబ్బా మీద నాకున్న భక్తి అక్కడే సగం తగ్గిపోయింది.

ఇహ మనకి పొరుగునే జరిగిన కథ. ఐ.బి.ఎం. తరహా పర్సనల్ కంప్యూటర్లకి సోకిన మొట్టమొదటి వైరస్ ఏ అమెరికాలోనో రష్యాలోనో పుట్టిందనుకుంటారు చాలామంది. కాదు. 1986లో లాహోరులో పుట్టింది. బాసిత్, అమ్జద్ అనే అన్నదమ్ములు కంప్యూటరు దుకాణం నడుపుకునేవారు. తాము రాసిన వైద్యం ప్రోగ్రాముని జనం డబ్బివ్వకుండా నకళ్ళు తీసుకుంటున్నారన్న కోపంతో, దొంగనకళ్ళ వెంట వెళ్ళేలా 'బ్రెయిన్' అనే దీన్ని తయారుచేశామని వాళ్ళే చెప్పుకున్నారు. విచిత్రం ఏమిటంటే వైరస్ లోపల తమ పేర్లూ, దుకాణం చిరునామా, ఫోను నెంబర్లూ కూడా రాసిపెట్టారు. కన్నం వేసి గోడ మీద తన చిరునామా రాసిపోయిన దొంగని ఎక్కడైనా చూశామా! ఆ బిళ్ళలు చేతులు మారి ఖండాలు దాటాయి. పాతికేళ్ళ తరవాత, 2011లో, ఫిన్లండు దేశపు నిపుణుడు మికో హిప్పొనెన్ ఆ చిరునామా పట్టుకుని లాహోరు వెళ్ళి తలుపు తడితే, అన్నదమ్ములు ఇద్దరూ అక్కడే ఉన్నారు. అదే చోట ఇంటర్నెట్ కంపెనీ నడుపుకుంటున్నారు.

రోగం వచ్చాక మందు రాక తప్పదు. 1987లో జర్మనీలో బెర్న్‌డ్ ఫిక్స్ అనే ఆయన 'వియన్నా' అనే వైరస్‌ని తుడిచే ప్రోగ్రాము రాశాడు. ఆ యేడే అమెరికాలో జాన్ మెకాఫీ తన పేరుతో కంపెనీ పెట్టాడు. మన దేశంలో, పుణేలో కాల్కులేటర్లు బాగుచేసే కైలాష్ కాట్కర్ అనే ఆయన దుకాణంలోంచి, ఆయన తమ్ముడు సంజయ్ రాసిన 'క్విక్ హీల్' 1990లలో బయటికొచ్చింది. అన్నగారు చదివింది పదో తరగతి దాకానేనట. వైరస్ అన్నదమ్ములదే, మందూ అన్నదమ్ములదే!

యాంటీవైరస్ పని చేసే తీరు మన పోలీసు ఠాణాలో 'కేడీల' జాబితా లాంటిది. పాత నేరస్థుల ఫొటోలూ, వేలిముద్రలూ గోడకి అంటించి, ఊళ్ళోకి వచ్చిన ప్రతివాణ్ణీ వాటితో పోల్చి చూస్తారు కదా. అలాగే తెలిసిన ప్రతి వైరస్‌కీ ఒక ఆనవాలు రాసుకుని, కంప్యూటర్లోని ఫైళ్ళని దానితో పోల్చి చూస్తుంది. జాబితా ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకోకపోతే మూడేళ్ళనాటి కేడీలు తప్ప దొరకరు. మా ఇంట్లో జరిగింది అదే. ఇహ మొన్ననే దొంగతనం మొదలుపెట్టినవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు గదా? అలాంటివాణ్ణి నడకని బట్టి పట్టాలి. అర్ధరాత్రి ప్రతి ఇంటి గొళ్ళెమూ కదిపి చూసేవాడు చుట్టం కాడని తెలుస్తూనే ఉంటుంది. ఇప్పటి యాంటీవైరసులు ఆనవాళ్ళతోపాటు ఈ నడక కూడా గమనిస్తాయి. ఒక్కొక్కప్పుడు పాపం నిజంగానే చుట్టాన్ని పట్టుకుని కట్టేస్తాయి కూడా. ఆ మధ్య మా శ్రీమతి రాసుకున్న లలితా పారాయణం లెక్కల ఫైలుని అనుమానించింది ఇలాంటిదే ఒకటి.

కుక్క కథ ఇది. ఇక గోడ కథ.

1988 నవంబరు 2వ తేదీ రాత్రి, కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రాముని నెట్ మీదకి వదిలాడు. వదిలింది ఎం.ఐ.టి. యంత్రంలోంచి. దానికి ఫ్లాపీ బిళ్ళా అక్కర్లేదు, మనిషి చెయ్యీ అక్కర్లేదు. యంత్రాల్లో ఉన్న లొసుగులు వెతుక్కుంటూ, తేలికపాటి సంకేత పదాలు ఊహించుకుంటూ తనంతట తాను పాకిపోయింది. ఒకసారి చేరిన యంత్రంలోనే మళ్ళీమళ్ళీ చేరడంవల్ల ఆ యంత్రాలు ఆయాసంతో కూలబడ్డాయి. ఆనాడు నెట్ మీద ఉన్నవి సుమారు 60,000 యంత్రాలనీ, అందులో పదోవంతు, అంటే 6,000 దెబ్బతిన్నాయనీ ఒక అంచనా. ఇందులో కొసమెరుపు ఏమిటంటే ఆ కుర్రవాడి తండ్రి అమెరికా ప్రభుత్వపు కంప్యూటరు భద్రతా కేంద్రంలో పెద్ద శాస్త్రవేత్త. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, కాని ఇతను పట్టుబడ్డాడు. మూడేళ్ళు సత్ప్రవర్తన నిఘా, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి. తరవాత అతను వెళ్ళి ఎం.ఐ.టి.లోనే ఆచార్యుడయ్యాడు.

ఆ దెబ్బతో అందరికీ గోడ అవసరం తెలిసొచ్చింది. ఫైర్‌వాల్ అన్న మాట మేస్త్రీలది. ఒక ఇంట్లో నిప్పంటుకుంటే పక్కింటికి పాకకుండా మధ్యన కట్టే గోడ. వేసవిలో తాటాకు ఇళ్ళు వరసగా తగలబడిపోతుంటే మధ్యలో ఒక్క మట్టిమిద్దె ఉండబట్టి అవతలి వరస దక్కిన సంగతి పల్లెటూళ్ళ పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. కంప్యూటరు గోడ కూడా అంతే. నెట్ మీద సమాచారమంతా చిన్నచిన్న కవర్లుగా ప్రయాణం చేస్తుంది. ప్రతి కవరు మీదా ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏ తలుపుకి అని రాసి ఉంటుంది. ఒక్కో యంత్రానికి అలాంటి తలుపులు 65,000 పైచిలుకు. 1980ల చివరలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ వంటి కంపెనీల ఇంజనీర్లు రాసిన మొదటి గోడలు కవరు మీది చిరునామా మాత్రం చదివి, వదలడమో ఆపడమో చేసేవి. 1994లో ఇజ్రాయెల్ దేశపు చెక్ పాయింట్ కంపెనీ తెచ్చిన ఫైర్‌వాల్ ఇంకాస్త తెలివైనది. మనం ఎవరికి ఉత్తరం రాశామో గుర్తుపెట్టుకుని, వాళ్ళ జవాబుని లోపలికి రానిచ్చి, పిలవని పేరంటాన్ని గుమ్మంలోనే ఆపుతుంది.

అయితే ఈ గోడలన్నీ కంపెనీలకే. ఇళ్ళ సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నమాట నిజమే గాని, దాన్ని ఆర్పేసి, అటక మీది అంబలిపొడిలా ఎవరికీ కనపడని మూల పెట్టి అమ్మారు. 2003 ఆగస్టులో 'బ్లాస్టర్' అనే పురుగు వచ్చిపడింది. ఏ ఫైలూ తెరవక్కర్లేదు, నెట్ తీగ తగిలిస్తే చాలు, అంటుకునేది. సరిగ్గా ఏడాదికి, 2004 ఆగస్టులో, మైక్రోసాఫ్ట్ సర్వీస్ ప్యాక్-2 అని విడుదలచేసి అప్పటినుంచి గోడని ముందే లేపి ఇవ్వడం మొదలుపెట్టింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ పన్నెండు నెలలు పట్టింది.

ఇంతవరకూ చదివి, "అయితే గోడా ఉండాలి, కుక్కా ఉండాలి. అంతేగా?" అన్నాను శ్రీమతితో, పెద్ద సిద్ధాంతం కనిపెట్టినవాడిలా.

"మరి తలుపు మీరే తీసి రండి రండి అంటే?" అంది చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ.

ఆ ప్రశ్నకి సమాధానం 2000 మే 4వ తేదీన ప్రపంచానికి దొరికింది. మనీలానుంచి బయల్దేరిన ఒక ఈమెయిల్, 'నిన్ను ప్రేమిస్తున్నాను' అన్న శీర్షికతో లక్షలాది మందికి చేరింది. జత చేసిన ప్రేమలేఖని ఎవరు తెరుస్తారు? అందరూ తెరిచారు. పెద్దపెద్ద ఆఫీసర్లు, పార్లమెంటు సభ్యులు, ఇల్లాళ్ళు, ముసలాళ్ళు. తెరవగానే అది ఫైళ్ళని పాడుచేసి, వారి చిరునామా పుస్తకంలో ఉన్నవాళ్ళందరికీ అదే ప్రేమలేఖ పంపింది. అమెరికా రక్షణశాఖా, బ్రిటిషు పార్లమెంటూ తమ ఈమెయిళ్ళని కొంతసేపు కట్టేసుకోవలసి వచ్చింది. రాసినవాడు దొరికినా, అలాంటి నేరానికి ఫిలిప్పీన్స్‌లో అప్పటికి చట్టం లేకపోవడంవల్ల శిక్ష పడలేదు. మన దేశంలో ఐ.టి. చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఆ సంవత్సరమే, అక్టోబరు 17న.

భయం కూడా ప్రేమలాంటిదే, తలుపు తీయిస్తుంది. 1992లో చిత్రకారుడు మైకెలాంజిలో పుట్టినరోజైన మార్చి 6న ఒక వైరస్ పేలబోతోందని, యాభై లక్షల యంత్రాలదాకా పోవచ్చని పత్రికలు మోతెత్తించాయి. యాంటీవైరస్ డబ్బాలు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. ఆ రోజు వచ్చింది, వెళ్ళింది. పోయినవి కొన్ని వేలే. నా ఎర్రతెర ఆ పండగకి మునిమనవడన్నమాట.

కాని భయపడనివాడికీ ఒక కథ ఉంది. 2017 మే 12న 'వాన్నక్రై' అనేది ఫైళ్ళకి తాళం వేసి, తాళంచెవి కావాలంటే 300 డాలర్లు కట్టమని అడుగుతూ దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా యంత్రాల్ని పట్టుకుంది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లకి తాళాలు పడ్డాయి. ఆ పురుగు దూరే కన్నాన్ని పూడ్చే మందుని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న, ఉచితంగా ఇచ్చింది! పూసుకున్నవాళ్ళు బతికారు, రేపు చూద్దాంలే అనుకున్నవాళ్ళు చిక్కారు. రోజూ సాయంత్రం నా యంత్రం 'అప్‌డేట్ చెయ్యమంటారా' అని అడిగితే, రేపు చూద్దాంలే అని నొక్కుతూ వచ్చిన చెయ్యి ఎవరిదో పాఠకులు ఊహించుకోగలరు.

కుక్క కరవడం కూడా జరిగింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలిరంగు మొహం వేశాయి. అది దాడి కాదు, కాపలావాడి పొరపాటు. విమానాలు ఆగిపోయి, మన హైదరాబాదులో ప్రయాణికులకి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. కాపలావాడికి ఇంటి తాళంచెవులన్నీ ఇస్తాం కాబట్టి, వాణ్ణి ఎంచుకునేటప్పుడు దొంగకంటే ఎక్కువగా వాణ్ణి పరీక్షించాలి. దొంగా పోలీసూ ఒకే ఇంట్లో పుట్టారని మొదట్లో అన్నది ఇందుకే.

ఈ పురాణమంతా పారాయణ చేశాక మా ఇంటి తీర్పు ఇలా తేలింది. విండోస్‌తోపాటు వచ్చే డిఫెండర్ 2012లో విండోస్-8 నాటినుంచీ పూర్తిస్థాయి యాంటీవైరస్ అయింది. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారెటివ్స్ అనే రెండు పరీక్షాశాలలు ఏటా అన్ని యాంటీవైరసుల్నీ పోల్చి ఫలితాలు ప్రకటిస్తాయి. వాటిల్లో డిఫెండర్ మంచి మార్కులతోనే గట్టెక్కుతోంది. మా ఇద్దరి అవసరానికి అది చాలు. మా మేనల్లుడే గెలిచాడు. డబ్బు పెట్టి కొనేవాళ్ళు కొనుక్కోవచ్చు, తప్పులేదు, కాని ఆ పరీక్షల మార్కులు చూసి కొనాలి గాని డబ్బా మీది కాగితం చూసి కాదు. పక్కింటాయన చెప్పినట్టు రెండు మాత్రం పెట్టకూడదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకదాన్నొకటి దొంగనుకుని కీచులాడుకుంటాయి, యంత్రం నత్తనడక నడుస్తుంది. ఫైర్‌వాల్ తిరిగి వెలిగించాం. నెట్ పెట్టెకి కంపెనీవాడిచ్చిన సంకేత పదం మార్చాం. అప్‌డేట్ల సంగతి నా చేతిలో పెట్టకుండా యంత్రానికే వదిలేశాం. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగేస్తే వెంటనే ఫోను చెయ్యవలసిన కేంద్రప్రభుత్వం వారి నెంబరు 1930ని శ్రీమతి కేలెండరు వెనక పెద్ద అక్షరాలతో రాసింది.

అంతా అయ్యాక నేను కుర్చీలో వెనక్కి వాలి, "ఇక మనకేం భయం లేదు" అన్నాను.

"ఇంతా చేసి దొంగ వచ్చాడనుకోండి. మావయ్యగారి పుస్తకాల గతేమిటి?" అంది.

నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. గోడ గురించీ, కుక్క గురించీ ఇంత చదివాను గాని ఆ ఒక్క సంగతీ ఆలోచించలేదు. కోహెన్ గారి లెక్క ప్రకారం ఎప్పుడో ఒకప్పుడు ఒకడు లోపలికి రాక తప్పదు. వాడు రాకపోయినా యంత్రం చెడిపోవచ్చు, పిడుగు పడొచ్చు.

మన తాళపత్రాల సంగతి గుర్తొచ్చింది. చెదలూ, తేమా, నిప్పూ, పురుగూ ఇన్ని శత్రువులుండగా మన కావ్యాలు ఎలా దక్కాయి? ఏ తాటాకు కట్టా శాశ్వతంగా బతకలేదు. ఒకచోట శిథిలమయ్యేలోగా ఇంకోచోట ఎవరో ఒకరు కూర్చుని ఎత్తి రాశారు. సి.పి. బ్రౌను దొర కడపలో బంగళా కొని, పండితుల్నీ లేఖకుల్నీ జీతాలిచ్చి పెట్టుకుని, ఊరూరినించీ ప్రతులు తెప్పించి, పోల్చి, నకళ్ళు రాయించాడు. ఆయన కాపలాదారుల్ని పెట్టలేదు, రాతగాళ్ళని పెట్టాడు. ఆ నకళ్ళ చలవే ఇవాళ మనం చదువుకుంటున్న పుస్తకాల్లో కొన్ని.

ఆ సాయంత్రమే మేనల్లుడు అరచేతిలో పట్టే డిస్కు ఒకటి పట్టుకొచ్చాడు. నాన్నగారి పదకొండు పుస్తకాలూ అందులోకి ఎత్తాం. ఎత్తగానే దాని తీగ పీకేశాం, తగిలించి ఉంచితే యంత్రానికి పట్టిన రోగం దానికీ పడుతుందట. దాన్ని బియ్యం డబ్బా పైన అరలో శ్రీమతి భద్రపరిచింది. ఇంకో నకలు బెంగుళూరులో ఉన్న మా మనవరాలికి పంపాం. మూడోది మా అక్కయ్యకి. ఆవిడకి కంప్యూటరు రాదు కాబట్టి కాగితాల మీద అచ్చువేయించి, కుట్టించి పంపాను. వారం తిరక్కుండా ఫోను చేసింది. 1956 ఆషాఢంలో ఒక పేజీలో, 'పెద్దమ్మాయికి జ్వరం తగ్గినది. రెండణాలు బత్తాయిపళ్ళు' అని ఉందట. చదువుతూ ఏడ్చింది.

రాత్రి పడుకోబోయే ముందు వీధి తలుపు తాళం లాగి చూశాను. మూడుసార్లు. పావుగంటయ్యాక మళ్ళీ లేచాను. హాల్లో చీకట్లో యంత్రం నిద్రపోతోంది. దాన్నేం కదపలేదు. వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా పైన అర తడిమి చూసుకుని వచ్చి పడుకున్నాను.